పరీక్షించని సాఫ్ట్‌వేర్‌కు సపోర్ట్ అమ్మినవారి పూచీ ఎంత?

కోఠిలో మందుల హోల్‌సేల్ కొట్టు నడుపుతున్న మీరు అడిగినది క్లుప్తంగా ఇది. 2019లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం కింద ఏటా 24 వేలు కడుతున్నారు. నిరుడు, అంటే 2025 ఆగస్టులో పాత కంప్యూటర్లు తీసేసి విండోస్ 11 ఉన్నవి పెట్టుకున్నారు. అప్పుడు సాఫ్ట్‌వేర్ వాళ్ళు "దీని మీద మేము పరీక్షించలేదు, కానీ సపోర్ట్ ఇస్తాం" అని వాట్సాప్‌లో రాశారు. సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. ముందురోజు రాత్రి అప్‌డేట్ వచ్చింది. అప్పటి నుంచి చిల్లర దుకాణాలు తిప్పి పంపిన పాత సరుకుకు క్రెడిట్ నోట్లన్నీ, అంటే ఆ సరుకు విలువను దుకాణం ఖాతాలో జమచేస్తూ మీరిచ్చే కాగితాలన్నీ, తప్పుడు పన్నుతో వచ్చాయి. మూడు వారాల తరువాత ఒక మెడికల్ షాపు యజమాని గొడవ పెట్టుకుంటేగాని సంగతి బయటపడలేదు. అప్పటికి 640 నోట్లు వెళ్ళిపోయాయి. సరిచేయమంటే "పరీక్షించలేదని ముందే చెప్పాం కదండీ" అంటూ 35 వేలు అడుగుతున్నారు. వాళ్ళకు బాధ్యత లేదా అన్నది మీ ప్రశ్న.

ఉంది. అయితే మీరు వెతుకుతున్న చోట కాదు. మీ కోపమంతా "పరీక్షించలేదు" అన్న మాట మీద ఉంది. నేనైతే "సపోర్ట్ ఇస్తాం" అన్న మాటను పట్టుకుంటాను. పరీక్షించకపోవడాన్ని కొన్నిసార్లు క్షమించవచ్చు. పరీక్షించనిదానికి పూచీ పడి, దానికి ఏటా డబ్బు తీసుకుని, తీరా చెడ్డాక ఆ పరీక్షించకపోవడాన్నే సాకుగా చూపడం వేరే సంగతి. "కప్పు కారుతుందో లేదో చూడలేదు, కారితే నేను చూసుకుంటాను" అని ఇల్లు అద్దెకిచ్చిన యజమాని, కారిన రోజున "చూడలేదని ముందే చెప్పానుగా, రిపేరు ఖర్చు మీదే" అంటే మీరు ఊరుకుంటారా?

గొడవకు దిగేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. అసలు ఈ తప్పుకూ విండోస్ 11కూ సంబంధం ఉందా? మీరు రాసిన లెక్క చూస్తే లేదనే నా నమ్మకం. ఆగస్టులో వెయ్యి రూపాయల సరుకును 12 శాతం పన్నుతో 1,120కి అమ్మారు. అక్టోబరులో అది తిరిగొచ్చింది. నోటు 1,050కి వచ్చింది. తేడా 70 రూపాయలు, అంటే సరిగ్గా 7 శాతం. పాత బిల్లులో ఉన్న 12 శాతాన్ని వదిలేసి, ఈ రోజు ఆ మందుకున్న 5 శాతాన్ని ప్రోగ్రాం తీసుకుందన్నమాట. క్రెడిట్ నోటు పాత బిల్లుకు తోక లాంటిది. ఆ బిల్లు మీద ఏ రేటు పడిందో దీని మీదా అదే పడాలి.

ఇలా ఎందుకు జరుగుతుందో లోపల కూర్చుని చూసినవాడిగా చెబుతాను. సరుకుల పట్టికలో, అంటే మీవాళ్ళు ఐటమ్ మాస్టర్ అనే చోట, ఒక్కో మందుకు పన్ను రేటు కోసం ఒక గడి ఉంటుంది. తొందరగా రాసిన ప్రోగ్రాంలో ఆ గడి ఒక్కటే ఉంటుంది. శ్రద్ధగా రాసిన ప్రోగ్రాంలో రేటుతో పాటు అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో కూడా ఉంటుంది. బిల్లు వేసిన క్షణాన ఆ రేటును బిల్లు వరుసలోనే రాసిపెట్టి, తరువాత ఎప్పుడు అవసరమైనా అక్కడి నుంచే తీసుకుంటుంది. మీ ప్రోగ్రాం మొదటి రకమైనా అయి ఉండాలి, లేదా బిల్లులో రేటు రాసుకుని కూడా రిటర్న్ (తిరిగొచ్చిన సరుకు పద్దు) వేసేటప్పుడు దాన్ని చూడకుండా మాస్టర్ దగ్గరికి పరిగెత్తేదైనా అయి ఉండాలి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన దగ్గర నుంచి ఎక్కువ మందుల రేటు 12 శాతం దగ్గరే నిలిచిపోయింది. ఎక్కడి నుంచి తీసుకున్నా అదే అంకె వచ్చేది. ఇన్నేళ్ళూ ఆ లోపం హాయిగా నిద్రపోయింది. రేటు కదిలిన రాత్రే లేచి కూర్చుంది.

ఇందులో విండోస్ చేసిన పాపం ఏమీ కనిపించదు. రేటు ఏ గడి నుంచి తీసుకోవాలన్నది ప్రోగ్రాం రాసినవారి నిర్ణయం. విండోస్ 10 మీద 12 తీసుకుని 11 మీద 5 తీసుకునే ప్రోగ్రాం నేనైతే ఇంతవరకు చూడలేదు. అందుకే ముందుగా వాళ్ళ ఆఫీసుకు వెళ్ళండి. తాము పరీక్షించామని చెప్పుకునే కంప్యూటర్ మీదే అదే అప్‌డేట్ వేయించండి. సెప్టెంబరు 22కు ముందు తేదీతో మూడు బిల్లులు, తరువాత తేదీతో వాటి రిటర్న్‌లు మీ ఎదురుగా వేయించండి. ఒకటి మొత్తం సరుకు తిరిగొచ్చినట్టు, ఒకటి సగం తిరిగొచ్చినట్టు, ఒకటి బిల్లు నంబరు లేకుండా ఎక్స్‌పైరీ కింద వచ్చినట్టు. మీ సీఏ గారి ఆఫీసులో పనిచేసే కుర్రవాణ్ణి వెంట తీసుకెళ్ళండి. తెర మీద కనిపించిన ప్రతిదాన్నీ ఫోటో తీయించండి. అక్కడ కూడా 7 శాతం తగ్గి వస్తే "పరీక్షించని కంప్యూటర్" అన్న సాకు అక్కడికక్కడే కూలిపోతుంది. సరిగ్గా వస్తే మాత్రం నా ఊహ తప్పినట్టు. అప్పుడు వాళ్ళ వాదనకు కొంత బలం చేకూరుతుంది, ఆ వాట్సాప్ మాట మీదే తేల్చుకోవలసి ఉంటుంది.

నా వృత్తిలో తరచూ చూసిన ఎత్తు ఇది. తప్పు ఎక్కడ జరిగినా, కొనుగోలుదారు దగ్గర పరీక్షించనిది ఏముందో వెతికి వేలు దానివైపు చూపిస్తారు. ప్రింటరో, యాంటీవైరస్సో, వైఫైయో ఏదో ఒకటి దొరక్కపోదు.

ఇప్పుడు వాళ్ళ వైపు నుంచి కూడా మాట్లాడాలి. 2001లో అమీర్‌పేట మైత్రీవనం దగ్గరి సందులో టెస్టింగ్ కోర్సు చేసి, అప్పటి నుంచి ఇదే పనిలో ఉన్నవాణ్ణి. అన్నిటినీ పరీక్షించడం ఎవరివల్లా కాదు. ఐదు రకాల విండోస్, నాలుగు డేటాబేస్ వెర్షన్లు, ఆరు ప్రింటర్లు, మూడు రకాల నెట్‌వర్క్ అమరికలు ఉన్నాయనుకోండి. అన్నీ కలిపితే 360 రకాల కలయికలు. ఒక్కోదానికి పూట చొప్పున వేసుకున్నా 180 రోజులు. ఈలోగా ఇంకో అప్‌డేట్ వచ్చి పడుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల్లో నలుగురు కుర్రాళ్ళతో నడిచే కంపెనీ ఆ పని చేయలేదు. పెద్ద కంపెనీలూ చేయవు, చేశామన్నట్టు కనిపిస్తాయంతే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఎసరు అన్ని మెతుకులకూ ఒకేలా తగులుతుంది కాబట్టి ఆ మాట చెల్లింది. సాఫ్ట్‌వేర్ గిన్నెలో ఒక మెతుకు పేస్టులా ఉడికి, పక్క మెతుకు బియ్యంలాగే ఉండిపోతుంది.

కాబట్టి పరీక్షించనివి కొన్ని ఎప్పుడూ మిగులుతాయి. అవి ఏవో కొనేవాడికి చెప్పడం నిజాయితీ. మీవాళ్ళు చెప్పారు, అంతవరకు వాళ్ళకో దండం. అయితే విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరులో. మీరు కంప్యూటర్లు మార్చేనాటికి నాలుగేళ్ళు కావస్తోంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14న ఆగిపోతుందని అందరికీ ముందే తెలుసు. ప్రతి కొట్టూ మారక తప్పని సమయంలో ఆ ఒక్క విండోస్ మీద పరీక్షించడానికి తీరిక దొరకలేదంటే, అది 360 కలయికల సమస్య కాదు. ఎవరూ అడగరన్న ధీమా.

"సపోర్ట్" అన్న మాటను మన ఊళ్ళో ఎంత తేలిగ్గా వాడేస్తామో చెప్పడానికి నా తప్పే ఒకటి చెబుతాను. 2011 ప్రాంతంలో మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఆసుపత్రుల ల్యాబ్‌లకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. ఏ వస్తువుతో మా సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందో చెప్పే పట్టిక నా చేతిలో ఉండేది. అందులో మూడు గడులు: పరీక్షించాం, పరీక్షించలేదు, సపోర్ట్ ఉంది. నగరంలోని ఒక ఆసుపత్రి కొత్త రకం బార్‌కోడ్ ప్రింటర్ కొంటామంది. మా అమ్మకాల ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, సపోర్ట్ అని ఒక్క టిక్ పెడితే ఆర్డరు వచ్చేస్తుంది, అన్ని ప్రింటర్లూ ఒకటే కదా" అన్నాడు. పెట్టాను. పరీక్షించలేదు అన్న గడిలో కూడా నిజాయితీగానే టిక్ పెట్టాను. రెండు టిక్కులు పక్కపక్కనే ఉంటే ఏమవుతుందో ఆలోచించలేదు.

ఆ ప్రింటర్ లేబుల్ మాదానికంటే కాస్త చిన్నది. పన్నెండు అంకెల శాంపిల్ నంబరులో చివరి అంకె అంచు దాటి తెగిపోయింది. బార్‌కోడ్ కూడా తెగింది కాబట్టి స్కానర్ చదవలేదు. స్కానర్ చదవకపోతే టెక్నీషియన్లు ఏం చేస్తారు? కింద కనిపించే నంబరును చేత్తో కొడతారు. పదకొండు అంకెలే కొట్టారు. మా ప్రోగ్రాం మరీ ఉపకారబుద్ధి గలది. ఆ పదకొండుతో మొదలయ్యే నంబర్లలో మొదటిదాన్ని వెతికి చూపించింది. ఒక మగ రోగి పేరు మీద గర్భ నిర్ధారణ ఫలితం వచ్చిపడటంతో ఒక టెక్నీషియన్‌కు అనుమానం వచ్చి అంతా ఆపేసింది. ఆమె ఆపకపోతే, ఆ పరీక్ష ఏ చక్కెర పరీక్షో అయి ఉంటే, ఎవరికీ తెలిసేది కాదు. ఆ తరువాత ఆ ప్రింటర్ ఒకటి తెప్పించి మా దగ్గరే చూశాం. తప్పు బయటపడటానికి పట్టిన సమయం ఇరవై నిమిషాలు.

మా లీగల్ ఆయన లైసెన్సు పత్రం తీసి, "పరీక్షించలేదని రాశాంగా, మనకు చుట్టుకోదు" అన్నాడు. చట్టం ప్రకారం ఆయన చెప్పింది సగమైనా నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ రెండో టిక్కు గొంతులో ముల్లులా అడ్డుపడింది. సపోర్ట్ అని రాసినప్పుడు, ఇది పనిచేస్తుందని నేను నమ్ముతున్నాను, నమ్మకం తప్పితే భారం నాది అని చెప్పినట్టే కదా. పందెం కాసింది మేము. ఓడిపోయాక డబ్బు ఆసుపత్రిని కట్టమనడం ఎక్కడి న్యాయం?

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. "కోడ్ ఏమీ మార్చలేదు, రేట్లు మాత్రమే మార్చాం" అని కూడా మీకు చెప్పారన్నారు. ఈ మాట వినగానే నాకు 2024 జూలై 19 గుర్తుకొచ్చింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే విమానానికి రాసిన అలాంటి ఒక కాగితం ఫోటో దేశమంతా తిరిగింది. కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. ఆ కంపెనీ పంపింది కొత్త ప్రోగ్రాం కాదు, ప్రోగ్రాం చదువుకునే సమాచారపు ఫైలు. అసలు ప్రోగ్రాంకు దశలవారీ పరీక్షలు ఉండేవి, కొద్దిమందికి ముందు పంపి చూసే పద్ధతి ఉండేది. సమాచారపు ఫైళ్ళు ఆ దారిన పోయేవి కావు, ఒకేసారి అందరికీ వెళ్ళేవి. ఆ ఫైలు 21వ గడిని చూడమంది. ప్రోగ్రాంకు అందుతున్నవి 20 గడులే. లేని గడిలోకి చూడబోయి యంత్రం పడిపోయింది. ఫైలును సరిచూడవలసిన పరికరంలోనే లోపం ఉందని ఆ కంపెనీ తన నివేదికలో ఒప్పుకుంది.

పన్ను రేట్ల పట్టిక కూడా అలాంటి సమాచారపు ఫైలే. రేటు మారడమంటే, ఇంతవరకు ఒక్క విలువతో నడిచిన ప్రోగ్రాంకు మొదటిసారి రెండు విలువలు ఎదురవడం. జీఎస్టీ మండలి నిర్ణయం సెప్టెంబరు 3న వచ్చింది, అమలు 22న. మధ్యలో పందొమ్మిది రోజులు. పాత బిల్లు, కొత్త తేదీ రిటర్న్ అన్నది ఎవరికీ తట్టని వింత సందర్భం కాదు. మందుల వ్యాపారంలో ఎక్స్‌పైరీ సరుకు తిరిగి రావడం నెలనెలా జరిగే పని. మందుల కొట్లకు సాఫ్ట్‌వేర్ అమ్మేవాడికి అది తట్టలేదంటే మందుల కొట్టు ఎలా నడుస్తుందో తెలియదన్నమాట. ఈ ఒక్క సంగతీ నాకు విండోస్ వాదనకంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక చట్టం. నేను వకీలును కాను. కాగితాలు ఎవరికైనా చూపించుకునే ముందు మీకు దారి తెలియాలని చెబుతున్నాను. దీనికి మూలమైన తీర్పు మన ఊరి వ్యవహారమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బజారులో దొరికే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల మీద అమ్మకపు పన్ను వేసింది. సాఫ్ట్‌వేర్ సరుకే కాదని టాటా కన్సల్టెన్సీ వాదించింది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది సరుకేనని తేల్చింది. ఒక్కరి కోసం ప్రత్యేకంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం మెజారిటీ తీర్పు తేల్చకుండా వదిలేసింది. అది పన్ను కోసం జరిగిన తగాదా. కానీ సరుకు అనిపించుకున్నాక దాని వెంట 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కూడా వచ్చి నిలబడుతుందని గట్టిగా వాదించవచ్చు. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, నాకు ఫలానా పనికి కావాలని మీరు చెప్పి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ పనికి అది తగినదై ఉండాలి. మందుల హోల్‌సేల్ కోసమని చెప్పే కొన్నారు కదా.

కానీ అదే చట్టంలో 62వ సెక్షన్ కూడా ఉంది. ఒప్పందంలో స్పష్టంగా రాసుకుంటే ఆ పూచీని తీసేయవచ్చు. 2019లో ఇన్‌స్టాల్ చేస్తూ మీరు చదవకుండా నొక్కిన "ఒప్పుకుంటున్నాను" వెనక "ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు" అని తప్పకుండా ఉంటుంది. ఇంగ్లండులో 1996లో ఒక నగరపాలక సంస్థ ఇలాంటి కేసు గెలిచింది. సెయింట్ ఆల్బన్స్ అనే ఆ ఊళ్ళో పన్ను లెక్కల కోసం కొన్న సాఫ్ట్‌వేర్ జనాభాను 2,966 మంది ఎక్కువగా చూపింది, దాంతో పన్ను తక్కువగా ఖరారై నష్టం వచ్చింది. లక్ష పౌండ్లకు మించి పరిహారం కట్టబోమన్న అమ్మకందారు షరతు న్యాయసమ్మతం కాదని కోర్టు కొట్టేసింది. అక్కడ అన్యాయపు షరతులను పట్టుకునే చట్టం 1977 నుంచే ఉంది. మన లా కమిషన్ 2006లో తన 199వ నివేదికలో అలాంటిది కావాలని చెప్పింది. వ్యాపారికీ వ్యాపారికీ మధ్య ఒప్పందాలకు అది ఇంకా రాలేదు. 2019 వినియోగదారుల చట్టంలో అన్యాయపు ఒప్పందాల మాట ఉంది గాని, మీకు ఆ తలుపు తెరుచుకోవడం కష్టం. వ్యాపారం కోసం కొన్నవాళ్ళు ఆ చట్టం కింద వినియోగదారులు కారు. కేవలం పొట్టపోసుకోవడానికి స్వయంగా నడుపుకునే చిన్న కొట్టుకు మినహాయింపు ఉంది. పదకొండు మంది పనివాళ్ళున్న హోల్‌సేల్‌ను అలా ఒప్పించడం నాకు అసాధ్యంగానే తోస్తోంది. ఎగుమతి, దిగుమతి కాగితాల పని కోసం ఒక కంపెనీ కొన్న సాఫ్ట్‌వేర్ వాణిజ్య ప్రయోజనం కిందికే వస్తుందని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

యూరప్‌లో గాలి మారింది. సాఫ్ట్‌వేర్‌ను కూడా వస్తువుగా లెక్కించి లోపానికి తయారీదారును బాధ్యుణ్ణి చేసే నిబంధన 2026 డిసెంబరు నుంచి అమలుకు వస్తుంది. అది వ్యక్తుల కోసం, మీలాంటి కొట్టుకు అక్కడైనా పెద్దగా ఉపయోగపడదు.

మరి మీకు మిగిలిందేమిటి? ఏఎంసీ, ఆ వాట్సాప్ మాట. లైసెన్సు 2019ది. ఏఎంసీ ఏటా కొత్తగా కుదిరే ఒప్పందం, దానికి విడిగా డబ్బు కట్టారు. "సపోర్ట్ ఇస్తాం" అన్న మాట లైసెన్సు తరువాత, మీ కొత్త కంప్యూటర్లను చూసి మరీ ఇచ్చినది. పాత పత్రంలోని "హామీ లేదు" ఈ కొత్త మాటను మింగేస్తుందని వాళ్ళు అనవచ్చు. అంత తేలిగ్గా మింగుడుపడదని నా అభిప్రాయం. ఆ సంభాషణను చెరిపేయకండి, ఆ ఫోను మార్చకండి. కోర్టు దాకా పోతే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు.

నష్టాన్ని కూడా సరిగ్గా లెక్కవేయండి. తేడా మొత్తం 58 వేలు అన్నారు. అది పోయిన డబ్బు కాదు, తప్పు చోట ఇరుక్కున్న డబ్బు. దుకాణాలకు ఆ 7 శాతం ఇచ్చి, నోట్లు సరిచేస్తే మీరు కట్టవలసిన పన్ను ఆ మేరకు తగ్గుతుంది. అయితే గడువు ఉంది. ఒక ఆర్థిక సంవత్సరంలో అమ్మినవాటి క్రెడిట్ నోట్లను ఆ తరువాతి నవంబరు 30లోగా, లేదా వార్షిక జీఎస్టీ రిటర్న్ వేసేలోగా, ఏది ముందైతే ఆలోగా చూపాలి. 2025 ఏప్రిల్ నుంచి అమ్మిన సరుకుకు 2026 నవంబరు దాకా సమయం ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా అమ్మి, ఎక్స్‌పైరీ కింద తిరిగొచ్చిన వాటికి గడువు నిరుడు నవంబరు 30తో అయిపోయింది. తప్పు బయటపడింది అక్టోబరు మధ్యలో. అంటే ఆరు వారాలపాటు వాళ్ళు 35 వేలు తేల్చమని కూర్చున్నారు, ఈలోగా గడువు దాటిపోయింది. 640 నోట్లలోంచి ఈ వాటాను విడదీయించండి. మీరు నిక్కచ్చిగా అడగగలిగిన నష్టం అదే. "చేత్తోనైనా సరిచేసుకోవచ్చు కదా" అని వాళ్ళు ఎదురు అడుగుతారు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద ఆ ప్రశ్నకు విలువ ఉంది కూడా. ఆ ఆరు వారాల్లో మీరు ఎన్నిసార్లు ఫోను చేశారో, వాళ్ళు ఏమన్నారో తేదీలతో రాసుకోండి.

మిమ్మల్ని కూడా ఒక మాట అనక తప్పదు. పన్ను మారిన రోజు ఉదయం మొదటి రిటర్న్ వేసినప్పుడు ఎవరైనా కాలిక్యులేటర్ తీసి చూశారా? మూడు వారాల్లో 640 నోట్లలో ఒక్కటీ ఎవరి కంటా పడలేదంటే, మీ గుమాస్తాలు తెర చెప్పిందే వేదమనుకున్నారన్నమాట. మీ నాన్నగారి కాలంలో చిట్టా రాసిన గుమాస్తా సాయంత్రం నాలుగు బిల్లులు తిరగేసేవాడు. రేటు మారిన రోజున, అప్‌డేట్ వేసిన రోజున అయిదు బిల్లులు, మూడు రిటర్న్‌లు చేత్తో లెక్కవేసి పోల్చడం వెండర్ పని కాదు, మీ పని. వాళ్ళ పూచీ దానివల్ల తగ్గదు. మీ నష్టం తగ్గుతుంది.

కోర్టుకు వెళ్ళమని నేను చెప్పను. ఈ మొత్తానికి అది దోమ కోసం ఫిరంగి పేల్చడమే. మూడు లక్షలు దాటని తగాదా వాణిజ్య కోర్టు దాకా కూడా పోదు. మీ బలం ఏప్రిల్‌లో కట్టవలసిన 24 వేల దగ్గర ఉంది. ఆ బజారులో అదే సాఫ్ట్‌వేర్ వాడే కొట్లు ఇంకెన్ని ఉన్నాయో మీకు తెలుసు. రిటర్న్‌లు అన్నిచోట్లా వస్తాయి కాబట్టి వాళ్ళకూ ఇదే జరిగి ఉండాలి. నలుగురు కలిసి ఒకే ఉత్తరం ఇస్తే 35 వేల మాట మాయమవుతుంది. లోపం సరిచేయడాన్ని "మార్పులు చేర్పులు" అనే పద్దు కింద వసూలు చేయడం వాళ్ళకు అలవాటు. ఉత్తరంలో మీరు దాన్ని లోపం అనే పిలవండి, ప్రతిసారీ.

ఏప్రిల్‌లో సంతకం పెట్టేటప్పుడు నాలుగు వాక్యాలు చేర్చమనండి, ఇలా: "పరీక్షించిన విండోస్, డేటాబేస్, ప్రింటర్ల పట్టిక దీనికి జతచేశాం. పట్టికలో లేనిదానికి సపోర్ట్ ఇస్తామని మేము రాతపూర్వకంగా చెబితే, దాని మీద వచ్చే లోపాన్ని కూడా అదనపు రుసుము లేకుండా సరిచేస్తాం. పన్ను రేట్లు మారే అప్‌డేట్‌ను పాత తేదీ బిల్లు, కొత్త తేదీ రిటర్న్‌తో పరీక్షించి, ఆ ఫలితం అమలు తేదీకి రెండు రోజుల ముందు పంపుతాం. లెక్క తప్పు వచ్చి పని ఆగితే ఏడు రోజుల్లో సరిచేస్తాం, చేయలేకపోతే ఆ ఏడాది ఏఎంసీలో దామాషా ప్రకారం తగ్గిస్తాం." వాళ్ళు రెండో వాక్యం దగ్గర ఆగుతారు. "మరి అలాంటప్పుడు సపోర్ట్ ఇస్తామని చెప్పలేం సార్" అంటారు. అది కూడా మంచి జవాబే. చెప్పలేమని చెబితే మీరు ఆ కంప్యూటర్లు కొనేముందు ఆగి ఉండేవాళ్ళు, లేదా వాళ్ళ చేత ఒక పూట పరీక్ష చేయించే కొనేవాళ్ళు.

వాళ్ళ ఆఫీసులో వేయించిన మూడు బిల్లుల ఫలితం వచ్చాక ఇక్కడే రాయండి. బిల్లు నంబరు లేని ఎక్స్‌పైరీ రిటర్న్‌కు ఏ రేటు తీసుకుంటోందో ముఖ్యంగా చూడండి. అక్కడ సరైన రేటు ఏదన్నది సాఫ్ట్‌వేర్ ప్రశ్న కాదు, దాన్ని ముందు మీ సీఏ గారి చేత తేల్పించుకుని వెళ్ళండి.